తుఫాను ముందు రోజు మధ్యాహ్నం

“అన్నా, రేపు బాగా స్నో పడుతుందంటున్నారు. ఆఫీసుకి రాలేనని మేనేజర్‌కి ఇవాళే చెప్తే ఏమన్నా అనుకుంటాడా?”

న్యూజెర్సీలో చలికాలం మొదలైందంటే నాకు ఇలాంటి ఫోను ఒకటైనా వస్తుంది. ఎమ్మెస్ పూర్తిచేసి మొదటి ఉద్యోగంలో చేరిన కుర్రాడో, హెచ్-1బి మీద వచ్చి ఇంకా ఏడాది కాని అమ్మాయో అయివుంటారు. బూట్లు ఎలాంటివి కొనాలి, మంచు ఎత్తే పార ఎక్కడ దొరుకుతుంది అని అడిగేవాళ్ళు తక్కువ. వాళ్ళని తొలిచేది మేనేజర్‌తో మాట ఎలా కదపాలన్నదే. దాన్ని చిన్న ప్రశ్న అని నేనెప్పుడూ అనుకోలేదు. ఈ దేశంలో మంచు తుఫానుల్లో చిక్కుకున్నవాళ్ళ కథలు చదివితే, సామాను లేక ఇబ్బంది పడ్డవాళ్ళకంటే, వెళ్ళాలా వద్దా అన్నది వేళకి తేల్చుకోక ఇబ్బంది పడ్డవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు.

అట్లాంటా సంగతి చూడండి. 2014 జనవరి 28, మంగళవారం. పడిన మంచు రెండున్నర అంగుళాలు. బఫెలోలో అంత మంచు పడితే బడికి సెలవు కూడా ఇవ్వరు. కానీ ఆ మధ్యాహ్నం ఆఫీసులు, బళ్ళు, ప్రభుత్వ కార్యాలయాలు దాదాపు ఒకే వేళకి అందరినీ ఇళ్ళకి పంపేశాయి. లక్షల కార్లు ఒక్కసారి రోడ్డెక్కాయి. ఉప్పు చల్లే లారీలు ఆ ట్రాఫిక్‌లోనే ఇరుక్కున్నాయి. టైర్ల కింద నలిగిన మంచు ఐసుగా మారింది. వేలమంది పిల్లలు ఆ రాత్రి బళ్ళలోనే పడుకున్నారు, వాళ్ళ అమ్మానాన్నలు కార్లలో తెల్లవార్లూ కూర్చున్నారు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఆల్ఫరెట్టా, కమ్మింగ్ ఆ నగరానికి ఉత్తరానే ఉన్నాయి. డౌన్‌టౌన్‌లో పనిచేసి అటువైపు ఇంటికి చేరాలంటే మామూలు రోజుల్లోనే గంట పడుతుంది.

వర్జీనియాలో 2022 జనవరి 3న జరిగింది ఇంకోరకం. న్యూ ఇయర్ సెలవులు అయిపోయి అందరూ పనిలోకి వెళ్ళే సోమవారం అది. ముందు వాన పడింది, అందువల్ల రోడ్డు మీద ఉప్పునీళ్ళు ముందుగా చల్లినా నిలవవని చల్లలేదు. తర్వాత గంటగంటకీ పెరిగే మంచు. ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఐ-95 మీద పెద్ద ట్రక్కులు అడ్డం తిరిగాయి. నలభై మైళ్ళకు పైగా రోడ్డు స్తంభించింది. సెనేటర్ టిమ్ కెయిన్ రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్‌కి పనిమీద బయల్దేరి అందులోనే చిక్కుకున్నారు. రెండు గంటల దారికి ఆయనకి 27 గంటలు పట్టింది. అక్కడే చిక్కుకున్న ఒక కుటుంబం ఇచ్చిన ఆరెంజ్ పండు గురించి ఆయన తర్వాత చెప్పారు. దేశానికి చట్టాలు చేసే మనిషికి కూడా ఆ రాత్రి ఎదుటివాళ్ళ చేతిలోని పండే ఆసరా అయింది.

ఇక బఫెలో. 2022 డిసెంబర్ 23, క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు. ఎంత ఘోరంగా ఉండబోతోందో వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందునుంచే చెప్తూనే ఉంది. కానీ కౌంటీలో వాహనాలు తిరగకూడదన్న నిషేధం అమల్లోకి వచ్చింది ఆ శుక్రవారం ఉదయం 9:30కి. అప్పటికి ఉదయం షిఫ్టువాళ్ళు పనిలో ఉన్నారు. ఆ తర్వాత ముప్ఫై గంటలకు పైగా కళ్ళముందు చెయ్యి కనపడని గాలి. అయిదు రోజుల్లో విమానాశ్రయం దగ్గర నాలుగడుగులకు పైగా మంచు పడింది. అంబులెన్సులు, ఫైరింజన్లు కూడా కదల్లేకపోయాయి. ఆ ప్రాంతంలో నలభై మందికి పైగా పోయారు. కారులో చిక్కుకున్నవాళ్ళు, కారు దిగి నడుస్తూ కూలిపోయినవాళ్ళు, ఇంట్లో కరెంటు పోయి చలికి బిగుసుకుపోయినవాళ్ళు, మంచు ఎత్తుతూ గుండె ఆగినవాళ్ళు.

ప్రభుత్వమో ఆఫీసో చెప్పేవరకు ఆగితే అప్పటికే ఆలస్యమైపోతుందని ఈ మూడూ చెప్తున్నాయి. మన కోస్తావాళ్ళకి తుఫాను కొత్త కాదు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత పెరిగినవాళ్ళకి రేడియోలో వాయుగుండం అన్న మాట వినపడితే చెవులు నిక్కబొడుచుకుంటాయి, మచిలీపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో కనుక్కుంటారు. అక్కడ గాలివాన హోరు పెడుతుంది కాబట్టి భయం దానంతటదే వస్తుంది. మంచు అలా కాదు, చప్పుడు చేయకుండా పడుతుంది, కిటికీలోంచి చూస్తే అందంగా కూడా ఉంటుంది. అందుకే ఇక్కడ భయం కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి నిర్ణయం తీసుకోవాలి.

ఆ గడియారం నా లెక్కలో తుఫాను ముందు రోజు మధ్యాహ్నం రెండు. అప్పటికి నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళ సైట్‌లో మీ జిప్ కోడ్ కొట్టి గంటగంట అంచనా చూడండి. అందులో మూడు మాటలు తెలిసుండాలి. ‘వాచ్’ అంటే రావచ్చు, సిద్ధపడండి అని. ‘వార్నింగ్’ అంటే వస్తోంది లేదా వచ్చేసింది అని. ‘అడ్వైజరీ’ వార్నింగ్ కంటే తక్కువ స్థాయిది, కానీ అజాగ్రత్తగా డ్రైవ్ చేస్తే అదీ ప్రాణం తీయగలదు. ‘బ్లిజర్డ్’ అన్న మాటకి అసలు అంగుళాలతో సంబంధమే లేదు. గంటకి 35 మైళ్ళు, అంతకు మించిన గాలి, పావు మైలు కూడా కనపడనంతగా ఎగిరే మంచు, ఇవి మూడు గంటలు ఉంటే అది బ్లిజర్డ్. కాబట్టి వాట్సాప్ గ్రూపులో ‘ఆరు అంగుళాలేనట’ అని ఎవరైనా పెడితే ధైర్యం తెచ్చుకోకండి. గాలి ఎంత, మంచు ఏ గంటకి మొదలవుతుంది, ఆ గంట మీ రాకపోకల వేళకి తగులుతుందా, ఈ మూడూ చూడండి.

తగులుతుందంటే వెంటనే మేనేజర్‌కి రాయండి. ఎలా రాస్తారన్నది ముఖ్యం. మనవాళ్ళు చేసే పొరపాటు ఏమిటంటే, క్షమాపణతో మొదలుపెట్టి ‘రేపు సెలవు ఇప్పించగలరా’ అని ముగిస్తారు. మీకు కావలసింది సెలవు కానప్పుడు ఆ మాట ఎందుకు రాయాలి? వార్నింగ్ ఏ వేళ నుంచి ఏ వేళ వరకు ఉందో ఒక వాక్యం, ఇంటి నుంచి ఏ పని చేస్తారో ఒక వాక్యం, కరెంటు పోతే ఏ ఫోన్ నంబరులో దొరుకుతారో, మీ బదులు ఆ అర్జెంటు పని ఎవరు చూస్తారో ఒక వాక్యం. అంతే చాలు. నేను పనిచేసిన చోట్ల ఇలా ముందే రాసినవాళ్ళని తప్పుపట్టిన మేనేజర్‌ని చూడలేదు. పొద్దున ఎనిమిదిన్నరకి ‘రోడ్లు బాలేవు’ అని రాసినవాళ్ళ మీద విసుక్కున్నవాళ్ళని చూశాను. అదే సాయంత్రం లాప్‌టాప్, దాని ఛార్జరు, వీపీఎన్ టోకెన్ ఇంటికి తెచ్చుకోండి. లాగిన్ అవుతుందో లేదో రాత్రే చూసుకోండి.

జీతం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సగం భయం దానిదే. నెలజీతం మీద, ఓవర్‌టైమ్ వర్తించని ‘ఎగ్జెంప్ట్’ వర్గంలో ఉన్నవాళ్ళు ఆ వారంలో కొంత పనైనా చేసి ఉంటే, కంపెనీ ఆఫీసు ఒకటి రెండు రోజులు మూసిందని వాళ్ళ జీతం కోయడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. సెలవు ఖాతాలోంచి మాత్రం తీసుకోవచ్చు. ఆఫీసు తెరిచే ఉండి మీరు పని చేయకుండా రోజంతా రాకపోతే ఆ రోజు జీతం కోయొచ్చు. గంటల లెక్కన పనిచేసేవాళ్ళకి, ఫెడరల్ చట్టం ప్రకారం చేసిన గంటలకే డబ్బు. కొన్ని రాష్ట్రాలు మాత్రం, పనికి వచ్చాక వెనక్కి పంపేస్తే కొంత ఇవ్వాలంటాయి. మామూలుగా న్యూజెర్సీలో కనీసం ఒక గంట, మసాచుసెట్స్‌లో మూడు గంటల వేతనం. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఇంకో రక్షణ ఉంది. పని ఇవ్వలేకపోయామన్న కారణంతో యజమాని జీతం ఆపకూడదు. కానీ మీ అంతట మీరు సొంత కారణంతో సెలవు అడిగితే ఆ రక్షణ వర్తించదు. ‘సెలవు’ అన్న మాట తొందరపడి రాయొద్దని చెప్పింది ఇందుకే. వీసా భయంతో ఐసు మీద డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళే పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. తుఫానులో ఒక రోజు ఇంటి నుంచి పనిచేసినంత మాత్రాన వీసా పోదు.

ఇంట్లో ఉండిపోవడం కుదరనివాళ్ళు ఉన్నారు. నర్సులు, రెసిడెన్సీ చేస్తున్న డాక్టర్లు, ఫార్మసీలో, గోడౌన్లలో పనిచేసేవాళ్ళు. వాళ్ళకి నా సలహా ఒక్కటే: తుఫానుకి ముందే వెళ్ళండి, తుఫాను ఆగాకే బయల్దేరండి. చాలా ఆస్పత్రుల్లో అలాంటి రాత్రి పడుకోవడానికి మడత మంచాలు వేస్తారు, ముందు రోజే అడిగి పేరు రాయించుకోండి. రెండు జతల బట్టలు, మందులు, ఛార్జరు, తినడానికేమన్నా సంచిలో పెట్టుకోండి. పన్నెండు గంటల షిఫ్టు చేసి అలిసిపోయిన కళ్ళతో, తెల్లటి గోడలాంటి గాలిలోకి కారు తీయడం అన్నిటికంటే ప్రమాదం. ఇంట్లో పసిపిల్లలుంటే వాళ్ళని ఎవరు చూసుకుంటారో కూడా ముందే మాట్లాడుకోండి. పన్నెండున్నరకి డేకేర్ మూసేస్తున్నాం అని ఫోను వచ్చాక పరిగెత్తే తల్లుల్నే అట్లాంటా రోడ్ల మీద చూశాం.

తప్పనిసరై కారు తీయాల్సి వస్తే, ట్యాంకు సగానికి తగ్గకుండా ఉంచుకోండి. టెస్లాలాంటి కరెంటు కార్లున్నవాళ్ళు ఇంట్లో ప్లగ్గులో ఉండగానే బ్యాటరీని, లోపలిని వేడిచేసి బయల్దేరాలి. చలికి అవి వెళ్ళగలిగే దూరం బాగా పడిపోతుంది, చల్లబడిన బ్యాటరీ ఛార్జింగ్ కూడా నెమ్మదిగా తీసుకుంటుంది. 2024 జనవరిలో షికాగో చుట్టుపక్కల ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర కార్లు వరసల్లోనే ఆగిపోయింది అందుకే. కారు పైకప్పు మీది మంచు పూర్తిగా దులపండి. న్యూజెర్సీలో దులపకుండా నడిపితే 25 నుంచి 75 డాలర్ల జరిమానా, ఆ మంచు పలక ఎగిరి వెనకవాళ్ళకి దెబ్బ తగిలితే 200 నుంచి 1,000 డాలర్లు. వంతెన కింద నేల వెచ్చదనం ఉండదు కాబట్టి రోడ్డుకంటే ముందు వంతెనే గడ్డకడుతుంది. ఐసు మీద బండి జారితే బ్రేకు మీంచి కాలు తీసేసి, మీరు వెళ్ళాలనుకున్న వైపు చూస్తూ స్టీరింగ్ నెమ్మదిగా అటే తిప్పండి.

నా కారు ట్రంకులో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉండేవి ఇవి: పొట్టి పార, పాత రగ్గు, ఉన్ని సాక్సులు రెండు జతలు, టార్చి, బ్యాటరీ కేబుళ్ళు, టైర్ల కింద చల్లడానికి ఇసుక సంచి, ఒక ఎర్ర గుడ్డ. ముందు సీటు దగ్గర నీళ్ళ సీసాలు, పల్లీపట్టీలు, ఖర్జూరాలు. చలిలో ఒంటికి బెల్లం, పల్లీలు ఇచ్చే వేడి మన అమ్మమ్మలకి తెలిసినదే. నీళ్ళ సీసా నిండా పోయొద్దు, గడ్డకట్టి పగులుతుంది. జీన్స్ ప్యాంటు, నూలు సాక్సులు వేసుకోవద్దు. నూలు తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది.

కారు మంచులో చిక్కుకుపోతే కారులోనే ఉండండి. అదిగో ఆ దీపం దగ్గరికి నడిచి వెళ్దాం అనుకున్నవాళ్ళు యాభై అడుగుల్లో దారి తప్పుతారు. ఎర్ర గుడ్డ అద్దానికి కట్టండి, 911కి చెప్పండి. తర్వాత చేయాల్సినది నేను ఎలా చేస్తానో చెప్తాను. ఇంజను ఆపి, గాలికి వీపు పెట్టి కారు వెనక్కి వెళ్తాను. సైలెన్సర్ గొట్టం చుట్టూ పేరుకున్న మంచుని ముందు చేత్తో గీకుతాను, గొట్టం నోట్లో గ్లవ్ తొడిగిన వేళ్ళు పెట్టి లోపల అడ్డం లేదని చూస్తాను. ఆ తర్వాత పారతో గొట్టం వెనక రెండడుగుల మేర నేల కనపడేదాకా తీస్తాను, పొగ వెళ్ళడానికి కాలవలా. అప్పుడే ఇంజను వేస్తాను, గంటకి పది నిమిషాలు. గాలి తగలని వైపు అద్దం ఒక వేలెడు దించి ఉంచుతాను. ఇంజను వేసే ప్రతిసారీ ముందు దిగి ఆ గొట్టం మళ్ళీ చూస్తాను, ఎందుకంటే గంటలో గాలి ఆ కాలవని పూడ్చేస్తుంది. 2016 జనవరి తుఫానులో ఇదే న్యూజెర్సీలో, పసేయిక్‌లో, భర్త బయట మంచు ఎత్తుతుంటే భార్య, పిల్లలు వెచ్చగా ఉంటుందని నడుస్తున్న కారులో కూర్చున్నారు. గొట్టం మంచులో కూరుకుపోయి ఉంది. తల్లీ, ఏడాది బిడ్డా అక్కడే పోయారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, దగ్గు రాదు, నిద్రే వస్తుంది.

ఆ వాయువే ఇళ్ళలోనూ చంపింది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో 40 లక్షలకు పైగా ఇళ్ళకి, వ్యాపారాలకి కరెంటు పోయింది. డాలస్‌లో ఉష్ణోగ్రత సున్నాకి కింద 2 ఫారెన్‌హీట్ డిగ్రీలకు పడింది. ఆ రాష్ట్ర ప్రభుత్వం లెక్కకట్టిన మరణాలు 246. చలికి తట్టుకోలేక ఇంట్లో బొగ్గులు వెలిగించినవాళ్ళు, గరాజ్‌లో కారో జనరేటరో నడిపినవాళ్ళు ఆస్పత్రుల పాలయ్యారు. మన ఇళ్ళలో కుంపటి అలవాటు ఉంది, పూజకి తెచ్చిన బొగ్గులు ఉంటాయి, పెరట్లో గ్రిల్ ఉంటుంది. ఏ పరిస్థితిలోనూ వాటిని ఇంట్లో వెలిగించవద్దు. ఊళ్ళో కుంపటి పెట్టుకున్న ఇంట్లో పెంకుల సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి ఆడేది. ఇక్కడి ఇల్లు చిన్న సందు లేకుండా బిగించిన డబ్బా. జనరేటరు గోడకి ఇరవై అడుగుల దూరంలో, కిటికీలకి ఎడంగా ఉండాలి. బెడ్‌రూము బయట కార్బన్ మోనాక్సైడ్ అలారం టెస్టు బటన్ ఇవాళే నొక్కి చూడండి.

కొళాయిల మాటకొస్తే, ఊళ్ళో లేకపోయినా హీటు 55 డిగ్రీలకంటే తగ్గించవద్దు. బయటి గోడకి ఆనుకున్న సింకు కింది అలమరా తలుపులు తెరిచిపెట్టండి, కొళాయి సన్నగా కారనివ్వండి. నీళ్ళ మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. పైపు పగిలాక బేస్‌మెంట్‌లో టార్చి పట్టుకుని వెతుక్కునే వేళ కాదది. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజరు రెండు రోజులు. తాగే నీళ్ళు, వారానికి సరిపడా మందులు, పిల్లల పాలడబ్బా ముందే తెచ్చుకోండి. మనవాళ్ళు ఇడ్లీపిండి, కొత్తిమీర కోసం ఇండియన్ దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డు మీద వరస కడతారు, నాన్న బీపీ మాత్రలు మర్చిపోతారు.

నాన్న అన్నాను కాబట్టి ఇంకో మాట. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే, మంచు పార వాళ్ళ చేతికి ఇవ్వకండి. ‘ఖాళీగానే ఉన్నా కదా, నువ్వు పనిచేసుకో’ అని ఆయనే బయల్దేరతారు, మొహమాటపడకుండా ఆపండి. చలిగాలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. తడిమంచు ఎత్తడానికి ఊపిరి బిగబట్టి చేసే బలప్రయోగం గుండె మీద పడుతుంది. మన దక్షిణాసియావాళ్ళకి గుండెజబ్బు చిన్న వయసులోనే వస్తుంది, కాబట్టి నలభై దాటిన కొడుకు కూడా జాగ్రత్తపడాలి. ఎత్తకుండా తోయండి. సగం పారే నింపండి. పది నిమిషాలకోసారి లోపలికి రండి. ఛాతీలో పట్టేసినట్టున్నా, ఎడమ చెయ్యి లాగినా పార అక్కడే పడేసి 911 నొక్కండి. వాకిలి రేపు కూడా ఊడ్చుకోవచ్చు.

ఒంటికి తగిలే చలి సంగతీ చూసుకోవాలి. సున్నా ఫారెన్‌హీట్‌లో గంటకి 15 మైళ్ళ గాలి వీస్తుంటే అరగంటలో చర్మం గడ్డకట్టడం మొదలవుతుంది. వణుకుతున్న మనిషి వణకడం ఆపేసి, మాట ముద్దగా వస్తుంటే, కుదుటపడ్డాడనుకోవద్దు. అది ఒళ్ళు చల్లబడిపోతున్న గుర్తు, వెంటనే తడిబట్టలు విప్పి కప్పి సాయం పిలవాలి.

తుఫాను ఆగాక కూడా రెండు చూడాలి. ఇంటి గోడలోంచి బయటికి వచ్చే ఫర్నేసు తెల్ల గొట్టాలు మంచులో కప్పుకుపోయాయేమో చూసి తీయండి, లేకపోతే హీటు ఆగుతుంది లేదా ఆ విషవాయువు ఇంట్లోకే మళ్ళుతుంది. రెండోది, గడ్డకట్టిన చెరువు మీదికి ఫోటో కోసం కూడా అడుగు వేయవద్దు. బఫెలో మంచులో ఉన్న ఆ వారంలోనే, 2022 డిసెంబర్ 26న, అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ లేక్ మీద నడుస్తూ ఐసు పగిలి ముగ్గురు మనవాళ్ళు పోయారు. వాళ్ళలో ఒక దంపతులది గుంటూరు జిల్లా. ఎండ ఎక్కువగా ఉండే ఊరి నుంచి వెళ్ళినవాళ్ళు, సెలవు రోజు. పైనుంచి చూస్తే ఐసు ఎంత మందమో ఎవరికీ తెలియదు.

ఈ ఏడాది ఫోను చేసిన కుర్రాడికి ఇవన్నీ ఒక్కసారి చెప్పలేదు. ముందు మేనేజర్‌కి మూడు వాక్యాలు రాయించాను. అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది: సరే, జాగ్రత్తగా ఉండు, పొద్దున మీటింగు ఫోనులోనే కలుద్దాం అని. అప్పుడు గొంతు తేలికపడి ఇంకో ప్రశ్న అడిగాడు.

“అన్నా, పార కొన్నాను. గరాజ్‌లో పెట్టనా?”

“వద్దు. పొద్దున ఆ తలుపు మంచుకి బిగుసుకుపోవచ్చు. లోపల, వీధి తలుపు పక్కన పెట్టు.”